కీబోర్డు యాలాల్ చేరింది, మరమ్మతు హైదరాబాద్‌లోనే ఉంది

జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక సంపాదకీయం

1986 డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ తేదీనే మనం జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సభలు పెడతాం. తూకంలో మోసం, కల్తీ నూనె, గడువు తీరిన మందులు, బిల్లు ఇవ్వని దుకాణాలు ప్రస్తావనకు వస్తాయి. అన్నీ రావలసినవే. ఆ సభల్లో ఎన్నడూ ఊసుకు రాని ఒక కొనుగోలుదారు కోసం ఈ సంపాదకీయం రాస్తున్నాం. అతను ఊళ్లో కీబోర్డు వాయించేవాడు. డిసెంబర్ 24 రాత్రి అతను చర్చిలో కీబోర్డు ముందు కూర్చుని ఉంటాడు.

వికారాబాద్ జిల్లా యాలాల్ మండలాన్నే తీసుకుందాం. తాండూరును ఆనుకుని ఉన్న పల్లెలు, తండాలు. కంది చేలు, కొంచెం అవతల నాపరాళ్ల గనులు, పక్కన కాగ్నా వాగు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డిసెంబరంటే ఇక్కడ కంది చేతికొచ్చే కాలం. అదే నెలలో అయ్యప్ప దీక్షల పడిపూజలు ఊరూరా సాగుతాయి. చర్చిల్లో క్రిస్మస్ పాటల సాధన సాగుతుంది. సంక్రాంతి దాటాక మాఘమాసపు పెళ్లిళ్లు, ఫిబ్రవరిలో తండాల్లో సేవాలాల్ జయంతి, ఆ వెనక జాతరలు. పడిపూజలో శరణుఘోష పాటకూ, చర్చిలో స్తుతి గీతానికీ, తండాలో లంబాడీ పాటకూ వేళ్లు ఆడించేది చాలాచోట్ల ఒకే మనిషి, ఒకే కీబోర్డు. కర్ణాటక ఎంతో దూరం లేదు కాబట్టి కన్నడ పాటలూ వస్తాయి, పట్నంలో అడిగితే ఖవ్వాలీ కూడా వాయించాలి. మన మతాలూ భాషలూ ఇంత చనువుగా పంచుకునే వస్తువు ఈ ప్రాంతంలో ఇంకోటి ఉందా అని ఆలోచిస్తే మాకు వెంటనే తోచలేదు.

ఆ వస్తువు చేసే పని కొంచెం చెప్పుకోవాలి. వాద్యాల దుకాణంవాళ్లు దీన్ని అరేంజర్ కీబోర్డు అంటారు. ఎడమ చేత్తో మూడు మీటలు నొక్కి పట్టుకుంటే అది ఏ కార్డో యంత్రం పోల్చుకుంటుంది. దానికి తగ్గట్టు డ్రమ్ములు, బేస్, గిటారు, వయొలిన్లు వాటంతటవే మొదలవుతాయి. కుడి చెయ్యి పాట వాయిస్తుంది. ఇంట్రో మీట నొక్కితే ఎత్తుగడ వస్తుంది, ఫిల్ నొక్కితే చరణానికి ముందు దరువు మారుతుంది, ఎండింగ్ నొక్కితే అందరూ ఒక్కసారి ఆగినట్టు ముగుస్తుంది. గాయకుడి శ్రుతి ఎక్కువైతే ట్రాన్స్‌పోజ్ మీటతో ఒక మెట్టు దించుకోవచ్చు. పదిమంది ఆర్కెస్ట్రాను పిలిచే స్తోమత లేని ఊరికి ఒక్క మనిషితో అంత సంగీతం దొరకడం చిన్న సంగతి కాదు. దీనివల్ల డోలక్, క్లారినెట్, బ్యాండు వాయించేవాళ్లకు పిలుపులు తగ్గిన మాట నిజమే. ఆ బాధ ఇంకో రోజు విడిగా రాయదగినంత పెద్దది.

ఇక్కడిదాకా రావడానికి ఈ యంత్రానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. లెక్కింపు యంత్రాలు చేసే కాసియో 1980లో కాసియోటోన్ 201తో వాద్యాల్లోకి అడుగుపెట్టింది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి 1983లో ఖాయమైంది. రోలాండ్ తన తొలి అరేంజర్ ఇ-20ని 1988లో తెచ్చింది. కార్గ్ 1993లో ఐ3, యమహా 2002లో టైరోస్ తెచ్చాయి. 2017లో యమహాదే జెనోస్, 2023లో జెనోస్2 వచ్చాయి. వీటిలో ఖరీదైనవి మన పల్లెలకు రాలేదు. వాటిలో పుట్టిన ధ్వనులు మాత్రం కొన్నేళ్ల తర్వాత తక్కువ ధర మోడళ్లలోకి దిగివచ్చాయి. ఇరవై వేల లోపు కీబోర్డులో ఇవాళ వినిపించే తబలా, షెహనాయి ఒకప్పుడు సినిమా స్టూడియోల్లో మాత్రమే దొరికేవి. అప్పట్లో ఎలక్ట్రానిక్ వాద్యాలు చేతిలో ఉన్న కుర్రాళ్లకు ఆ స్టూడియోల్లో పిలుపులు వచ్చేవి. రాజ్-కోటి దగ్గర దిలీప్ పేరుతో కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రెహమాన్ అలా వచ్చినవాడే.

కంపెనీలు మన దేశాన్ని ప్రత్యేకంగా చూడటమూ మొదలైంది. యమహా పీఎస్ఆర్-ఐ వరుస, కాసియో పేరు చివర ఐఎన్ తగిలించిన మోడళ్లు, తబలా, సితార్ ధ్వనులతో రోలాండ్ తెచ్చిన ఎక్స్‌పీఎస్-10 ఇవన్నీ భారతీయ వాయిద్యకారుల కోసం వచ్చినవే. యమహా 2019లో చెన్నై దగ్గరి తన ఫ్యాక్టరీలో కీబోర్డుల తయారీ ప్రారంభించింది. ఇది అసలైన ప్రగతి. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే భారతీయం అని పెట్టెలో వేసినదాంట్లో మన వాటా ఎంత? మేం చూసిన కీబోర్డుల స్టైళ్ల (సిద్ధంగా ఉంచిన దరువుల) జాబితాల్లో భాంగ్రా, దాండియా, భజన్ పేర్లు కనిపించాయి. ఒగ్గుడోలు దరువు, చెక్కభజన, బతుకమ్మ చప్పట్ల నడక కనిపించలేదు. హైదరాబాద్ మర్ఫా నుంచి పుట్టి రాష్ట్రమంతా చిందేయించే తీన్మార్ కోసం మనవాళ్లు పెన్‌డ్రైవుల్లో దొరికే స్టైళ్లనే నమ్ముకున్నారు. ఇంట్లో కూర్చుని రాత్రిళ్లు ఆ దరువులు తయారుచేసేది మన కుర్రాళ్లే. ఎవరు చేశారో పేరుండదు, ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతాయి. అరబ్బు సంగీతం కోసం యమహా పీఎస్ఆర్-ఎ2000, ఎ3000, 2021లో ఎ5000 అంటూ ప్రత్యేక మోడళ్లే చేసింది. స్వరాల మధ్య ఉండే సగంలో సగం అంతరాలను వాయిస్తూనే మార్చుకునే ఏర్పాటు వాటిలో ఉంది. కొనేవాళ్లున్నారని తెలిస్తే కంపెనీలు ఎంత లోతుకైనా వెళ్లగలవని దాన్నిబట్టి తెలుస్తోంది.

లోపల ఎవరి దరువు ఉంటుందన్నది చిన్న విషయం కాదనడానికి ఒక ముచ్చట. ఒకుడా హిరోకో అనే అమ్మాయి సంగీతం చదువుకుని 1980లో కాసియోలో చేరింది. జమైకా రెగే సంగీతమంటే ఆమెకు ప్రాణం. 1981లో వచ్చిన ఎంటీ-40 అనే చిన్న కీబోర్డుకు ఆమె రాక్ పేరుతో ఒక దరువు తయారుచేసింది. నాలుగేళ్ల తర్వాత జమైకాలో ఒక చిన్న స్టూడియో ఆ మీట నొక్కి, వేగం తగ్గించి, దానిమీద పాట కట్టింది. అదే స్లెంగ్ టెంగ్. ఆ దేశపు సంగీతం అక్కడి నుంచి మరో దారి పట్టింది. ఒక ఉద్యోగిని మనసులోని ఇష్టం ఒక జాతి పాటను మలుపు తిప్పింది. ఒగ్గుడోలు విని పెరిగిన పిల్ల ఒకతె రేపు అలాంటి కంపెనీ గదిలో కూర్చుంటే ఏం పుడుతుందో ఊహించుకోవాలని మాకు ఆశగా ఉంది.

ఇంత దూరం వచ్చిన యంత్రం ఆగిపోయినప్పుడు మాత్రం కథ హఠాత్తుగా ముప్పై ఏళ్లు వెనక్కి పోతుంది.

ఆగడానికి కారణాలు సాధారణంగా చాలా మామూలువి. ప్రతి మీట కింద రబ్బరు బుడగ ఉంటుంది. దాని అడుగున రెండు కార్బన్ చుక్కలు. మీట నొక్కితే రెండూ ఒకదాని వెంట ఒకటి బోర్డును తాకుతాయి. ఆ రెంటి మధ్య ఎంత సమయం పట్టిందో కొలిచి, గట్టిగా నొక్కారో మెల్లగా నొక్కారో యంత్రం తెలుసుకుంటుంది. నాపరాతి దుమ్ము, ఆటోలో ప్రయాణం, పందిరి కింద మంచు, చేతి చెమట కలిసి ఒక చుక్క మీద పొర కట్టిందంటే ఆ స్వరం మూగబోతుంది, లేదా మెల్లగా నొక్కినా అరుస్తుంది. విప్పి, రబ్బరు తీసి, ఆల్కహాల్‌తో తుడిచి పెడితే తరచు బాగవుతుంది. అరిగిపోయి ఉంటే కొత్త రబ్బరు పట్టీ వేయాలి. ఇంకో జబ్బు అడాప్టర్ది. ఒక కంపెనీ పిన్నులో మధ్యన ప్లస్, ఇంకో కంపెనీ పాత మోడల్‌లో మధ్యన మైనస్. ఒకటి 9 వోల్టులు, ఒకటి 12, పెద్దవాటికి 16. చీకట్లో, హడావుడిలో, పక్కవాడి అడాప్టర్ గుచ్చితే బోర్డు పోవచ్చు. జనరేటర్ మీద వాయించేటప్పుడు కరెంటు ఎగిసినా అంతే. తీగ కాలికి తగిలి లాగినప్పుడు పిన్ను గుచ్చే చోట టంకం ఊడిపోవడం, వాల్యూమ్ తిప్పితే గరగర, తెర మీద అక్షరాలు మాయం కావడం వగైరా అందరికీ అనుభవమే.

తాండూరు బజారులో ఫోన్ బోర్డును భూతద్దం కింద పెట్టి టంకం వేయగల చేతులకు కొదవ లేదు. వాళ్లకు తెలివి ఉంది, పనిముట్లు ఉన్నాయి. లేనిది రబ్బరు పట్టీ, విడిభాగాల చిట్టా, లోపలి పటం. సర్వీస్ మాన్యువల్ మామూలుగా కంపెనీ గుర్తించిన కేంద్రాలకే పరిమితం. వాడకందారుల పుస్తకాలు, కొత్త సాఫ్ట్‌వేర్ ఉచితంగా దింపుకునే వీలు ఇప్పుడుంది, అది మెచ్చుకోవలసిన మార్పు. కానీ తెలుగులో రాసిన వాడకందారుల పుస్తకం మాకెక్కడా కనిపించలేదు.

అందుకని యాలాల్ మనిషి పెట్టెను దుప్పట్లో చుట్టి తాండూరు వస్తాడు, అక్కడ రైలెక్కి వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి హైదరాబాద్‌లో దిగుతాడు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్, తీరిపోతే కోఠి గుజరాతీ గల్లీ. ఒకసారి ఇచ్చి రావడానికి, ఒకసారి తెచ్చుకోవడానికి రెండు కూలిరోజులు పోతాయి. బోర్డు రావాలంటే వారాలు. ఫోన్ చేస్తే తెలుగులో సమాధానం చెప్పే మనిషి అన్నిసార్లూ దొరకడు. మెమరీలో ఏళ్ల తరబడి పేర్చుకున్న స్టైళ్లు, రిజిస్ట్రేషన్లు (దాచుకున్న అమరికలు) మరమ్మతులో చెరిగిపోతాయని ముందే హెచ్చరించేవాళ్లు తక్కువ. ఈలోగా పడిపూజ ఇంకొకరికి పోతుంది. వాద్యం అద్దెకు తెచ్చుకుంటే ఆ రాత్రి సంపాదన అద్దెకే సరి. కొన్న ధరను మాత్రమే చూసే లెక్కల్లో ఇవేవీ కనబడవు.

దీన్ని దూరదృష్టితో చూడాలంటే హార్మోనియం దగ్గరికి వెళ్లాలి. అదీ పరాయి దేశం నుంచి వచ్చిందే. పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ 1842లో పేటెంటు తీసుకున్న హార్మోనియం బల్ల అంత ఉండేది, కాళ్లతో తొక్కాలి. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడించే పెట్టెగా మార్చాడు. అక్కడి నుంచి దాని దశ తిరిగింది. గమకం పలకదని పండితులు తిట్టారు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. అయినా మన పద్యనాటకానికి అదే ప్రాణమైంది, భజన మందిరాల్లో అదే నిలిచింది. ఎందుకు నిలిచింది? చవక కావడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, అది విప్పదగిన పెట్టె. తిత్తి చిరిగితే తోలుపని తెలిసినవాడు అతుకు వేశాడు. మెట్టు విరిగితే వడ్రంగి చెక్కాడు. రీడు శ్రుతి తప్పితే కొనదగ్గర గీకితే హెచ్చుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఆ కిటుకు చెవి ఉన్న ప్రతివాడూ నేర్చుకున్నాడు. ఆ పెట్టె మనదైంది మన ఊళ్లో బాగైంది కాబట్టి. తాత హార్మోనియం మనవడు వాయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పదేళ్ల కిందటి కీబోర్డు వాయిస్తున్న ఇళ్లు ఎన్ని ఉంటాయి?

ఇందులో ఇంకో సంగతి ఉంది, కంపెనీలకే గుర్తుచేయదగినది. 1887లో జపాన్‌లోని హమామత్సు అనే ఊళ్లో ఒక బడిలో అమెరికా నుంచి తెప్పించిన రీడ్ ఆర్గాన్ పాడైంది. ఆ ఊళ్లో వాద్యాలు బాగుచేసేవాళ్లు లేరు. వైద్య పరికరాలు మరమ్మతు చేసుకుని బతుకుతున్న తొరాకుసు యమహాను పిలిపించారు. అతను విప్పి చూశాడు, బాగుచేశాడు, లోపలి నిర్మాణాన్ని కాగితం మీద గీసుకున్నాడు, తానే ఒకటి తయారుచేశాడు. దాన్ని మోసుకుని హకోనే కొండలు దాటి టోక్యో వెళ్తే శ్రుతి బాగాలేదన్నారు. శ్రుతి శాస్త్రం నేర్చుకుని వచ్చి రెండోది చేశాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద వాద్యాల కంపెనీ అలా పుట్టింది. ఆ రోజు ఆ ఆర్గాన్‌ను విప్పకుండా బిగించి, కంపెనీ మనుషులు తప్ప ఇంకొకరు ముట్టరాదని ఉంటే యమహా అనే పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. హమామత్సులో ఆనాడు ఉన్నటువంటి చేతులు తాండూరులో ఈనాడు ఉన్నాయని మా గట్టి నమ్మకం.

కంపెనీలు ఎల్లకాలం ఉండవన్నదీ ఈ రంగం నేర్పిన పాఠమే. టెక్నిక్స్ కీబోర్డులంటే ఒకప్పుడు ఐరోపా అంతా మోజు. 2000 తర్వాత కొద్ది ఏళ్లకే ఆ కంపెనీ కీబోర్డుల తయారీ మానేసింది. ఇటలీ జనరల్‌మ్యూజిక్ మూతపడింది. వాటిని కొన్నవాళ్లు ఇప్పటికీ వాయిస్తున్నారంటే కారణం మాన్యువల్ సంపాదించి, పాడైన ఫ్లాపీ డ్రైవు తీసేసి దాని స్థానంలో పెన్‌డ్రైవు పెట్టే పరికరం బిగించిన స్వతంత్ర మెకానిక్కులే. కంపెనీ కన్నా వాద్యం ఎక్కువకాలం బతకాలంటే దారి అదొక్కటే.

ప్రభుత్వం ఈ దిశలో కొంత నడిచింది. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. సరిగ్గా ఈ తేదీనే, 2022 డిసెంబర్ 24న, దానికోసం పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ముందు తీసుకుంది. వాద్యాలకు అందులో చోటు లేదు. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి కొన్ని వస్తువుల మీద వాటిని ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని రాయిస్తోంది. అలాంటి చీటీ మనకూ కావాలి. అది కీబోర్డు డబ్బా మీదా ఉండాలి.

చట్టం గురించి ఒక భయం వాయించేవాళ్లలో ఉంది. డబ్బులకు వాయిస్తాం కదా, వ్యాపారమంటారేమో, మనం వినియోగదారులం కామేమో అని. కాదు. వ్యాపారం కోసం కొన్నవాళ్లను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మినహాయించినా, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే మనిషిని వినియోగదారుగానే చూస్తుంది. తాను ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. గడువు రెండేళ్లు. దానికంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో చెప్పుకోవచ్చు. వీటన్నిటికీ బిల్లు కావాలి, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకపోతే కొంత తగ్గిస్తామని దుకాణదారు అన్నప్పుడు ఆ తగ్గింపు వద్దని చెప్పగలగాలి.

కంపెనీలను మేం అడిగేది పెద్ద కోరిక కాదు. వికారాబాద్ జిల్లా అంతటికీ సర్వీస్ సెంటర్ తెరవమని అనడం లేదు, అంత వ్యాపారం లేదని మాకూ తెలుసు. రబ్బరు పట్టీ, అడాప్టర్, వాల్యూమ్ భాగం, పిన్ను సాకెట్ ఎవరు అడిగినా అమ్మండి. అమ్మకం ఆగిపోయిన మోడల్‌కు కూడా పదేళ్లపాటు అవి దొరికేలా చూడండి. ప్రతి పట్టణంలో చెయ్యి తిరిగిన ఒకరిద్దరు ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులను ఎంచుకుని వారం రోజులు నేర్పండి, పటాలు ఇవ్వండి. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు ఎలాగూ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే ఆ పిల్లల సాధనకు నాలుగు పాత కీబోర్డులు కొనిపెట్టడం కష్టం కాదు. వాడకందారుల పుస్తకంలో కనీసం అడాప్టర్, శుభ్రత, బ్యాకప్ గురించిన పేజీలు తెలుగులో అచ్చువేయండి. మన డోలు, డప్పు కళాకారులను స్టూడియోకు పిలిచి, ప్రతిఫలం ఇచ్చి, స్టైల్ పేరు పక్కన వాళ్ల పేరు కనబడేలా రికార్డు చేయండి.

ఇవన్నీ తీరడానికి ఏళ్లు పట్టవచ్చు. ఒక్కటి మాత్రం వచ్చే ఏడాదికే సాధ్యం. దసరా ముందు ఒకసారి, నవంబర్ చివర్లో ఇంకోసారి, తాండూరులో రెండేసి రోజులు సర్వీస్ శిబిరం పెట్టాలి. ట్రాక్టర్ కంపెనీలు సీజన్‌కు ముందు పెడుతున్నవి అలాంటివే. తేదీలు పది రోజుల ముందే ప్రకటిస్తే యాలాల్, బషీరాబాద్, పెద్దేముల్ నుంచి వాయించేవాళ్లు పెట్టెలు ఎత్తుకుని తామే వస్తారు.